రెండు మ్యాగజైనులు

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాసి యివ్వవలసిందని సంపాదకవర్గం వారు నన్ను కోరినప్పుడు, తెలుగు అధ్యాపకుడు గనుక ఏ ప్రబంధకవి వర్ణనానైపుణ్యం మీదనో, ఏ శతక వాఙ్మయం మీదనో నాలుగు పుటలు నింపి యిస్తాడని అనుకొని ఉంటారు. నిరుడూ, అంతకు ముందటేడూ నేను చేసిన పని అదే. ఈసారి మాత్రం తుపాకి గురించి వ్రాస్తున్నాను. తుపాకి అంతటి గురించి కూడ కాదు, అందులో తూటాలు నింపే చిన్న ఇనుప పెట్టె గురించి. విద్యార్థులు నవ్వుకుంటే నవ్వుకోవచ్చును. ఉర్దూ విభాగంలోని నా మిత్రులు మాత్రం నవ్వరని నమ్మకం; ఎందుకంటే ఆ పెట్టెకు ఆ పేరు ఎట్లా వచ్చిందో నాకంటె వారికే బాగా తెలుసును.

ఆ పెట్టెను మ్యాగజైను అంటారు. తమ చేతిలో ఉన్న ఈ సంచికను కూడ మ్యాగజైను అనే అంటారు. రెండింటికీ మూలం అరబ్బీ భాషలో దాచుట, నిలువచేయుట అనే అర్థమిచ్చే ఒకే ధాతువు. మఖ్జన్ అంటే గిడ్డంగి; దాని బహువచనం మఖాజిన్. ఆ మాట మధ్యధరా సముద్రపు వర్తకుల వెంట ఇటలీకి, ఫ్రాన్సుకు పోయి, ఇంగ్లండు చేరి, మందుగుండు దాచే కొట్టుకు పేరైనది. 1731లో ఎడ్వర్డ్ కేవ్ అనే లండను ముద్రాపకుడు రచనల గిడ్డంగి అనే భావంతో తన పత్రికకు ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ అని నామకరణం చేసినాడు. 1901లో లాహోరులో షేక్ అబ్దుల్ ఖాదిర్ ప్రారంభించిన ఉర్దూ పత్రిక పేరు సాక్షాత్తు ‘మఖ్జన్’. ఇక్బాల్ తొలినాటి కవితలు వెలుగు చూచినది అందులోనే. మన తెలుగులోని ఖజానా కూడ ఆ ఇంటి బిడ్డయే. వెనుక తాలూకా కచేరీలలో ఖజానా ఉండేది. ఖజానా ముందర తుపాకి పట్టుకొని ఒక కానిస్టేబులు కాపలా ఉండేవాడు. ఆ తుపాకిలో మరొక ఖజానా.

మా తండ్రిగారు అటువంటి కాపలా కాచినవారే. రాయలసీమలోని ఒక జిల్లాలో సాయుధ దళపు కానిస్టేబులుగా చేరి, ముప్పయి యేండ్లకు పైగా ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబులుగా పదవీ విరమణ పొందినారు. నేను పుట్టి పెరిగినది పోలీసు క్వార్టర్సులో. అక్షరాలు దిద్దక ముందే నాకు బోల్టు, స్లింగు, పుల్‌త్రూ, చిందీ వంటి మాటలు తెలుసును. చిందీ అంటే గొట్టం తుడిచే గుడ్డపీలిక. ఆయుధాలు భద్రపరచే గదిని వారు కోత్ అంటారు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, కోత్ దగ్గర ఇంగ్లీషూ హిందీ కలగలిసిన ఆ భాష. నా భాషాభ్యాసం ఈ మూడింటి మధ్య జరిగినది. తిరుపతిలో ఎం.ఏ. చదివే రోజులలో ఒక సహాధ్యాయి నన్ను, “నీ తెలుగులో ఇనుము వాసన వస్తుందయ్యా” అని వేళాకోళం చేసేవాడు. తప్పు పట్టుకోలేదు.

వారికి ఇచ్చిన ఆయుధం త్రీ నాట్ త్రీ. పుస్తకాలలో లీ ఎన్‌ఫీల్డ్ అంటారు. జేమ్స్ పారిస్ లీ 1831లో స్కాట్లండులో పుట్టి, బాల్యంలోనే కెనడా చేరి, గడియారాల పని నేర్చినవాడు. 1879లో అమెరికాలో పేటెంటు పొందిన ఆయన పెట్టె మ్యాగజైనే ఈ రైఫిలుకు ఆయువుపట్టు. ఎన్‌ఫీల్డ్ అనేది లండనుకు ఉత్తరాన ఆయుధ కర్మాగారం ఉండిన ఊరు. ఆ ఊరి పేరు మన దేశచరిత్రలో ఒకసారి నెత్తుటితో వ్రాయబడినది. 1857లో సిపాయిలు పంటితో కొరకడానికి నిరాకరించిన తూటాలు ఎన్‌ఫీల్డ్ తుపాకివే. అది వేరు తుపాకి, ఇది వేరు తుపాకి. అయినా 1857 మార్చి 29వ తేదీన మంగళ్ పాండే తిరగబడిన బారక్‌పూరుకు సమీపాననే ఈషాపూర్ రైఫిలు కర్మాగారం వెలసి, ఈ కొత్త ఎన్‌ఫీల్డులను వేలకు వేలు తయారుచేయడం చరిత్ర చేసిన చిత్రం. తమ భుజాన మోసిన రైఫిలు మీద ఆ ఊరి పేరును మా తండ్రిగారు చాల యేండ్లు చూచినారు గాని, అది ఎక్కడ ఉన్నదో నేను చెప్పేవరకు ఆయన ఎరుగరు.

ఇక ఆ పెట్టె సంగతి. పది తూటాలు పట్టును. పెట్టెను ఊడదీసి నింపరు. శుభ్రపరచడానికి మాత్రమే ఊడదీస్తారు. బోల్టు వెనుకకు లాగి, ఐదేసి తూటాలు బిగించిన రేకు పట్టీని పైన ఉన్న గాడిలో నిలువుగా నిలిపి, బొటనవేలితో ఒక్క ఒత్తు ఒత్తితే ఐదు తూటాలూ జారి పెట్టెలో పడవలె. ఆ పట్టీని చార్జర్ అంటారు. కానిస్టేబుళ్లకు అది క్లిప్పు. రెండు క్లిప్పులు ఒత్తితే పది. బోల్టు ముందుకు నెట్టగానే ఖాళీ క్లిప్పు తనంతట ఎగిరి క్రింద పడును. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వం బ్రిటిషు సైనికునికి మూడు వందల గజాల దూరాన ఒక నిమిషంలో పదిహేను గుండ్లు పేల్చే పరీక్ష ఉండేది. క్లిప్పు సజావుగా దిగకపోతే ఆ నిమిషం అక్కడనే చెల్లిపోవును.

అది సజావుగా దిగకపోవడానికి ముఖ్య కారణం తూటా ఆకృతి. త్రీ నాట్ త్రీ తూటా మట్టుకు చుట్టూ ఒక అంచు ఉన్నది. తూటా ఒంటి కంటె ఆ అంచు ఇరుప్రక్కలా ఒక్కొక్క మిల్లీమీటరు మాత్రమే ముందుకు పొడుచుకొని ఉండును. ఆ ఒక్క మిల్లీమీటరే సర్వానర్థాలకూ మూలం. పెట్టెలో తూటాలు ఒకదానిమీదొకటి కూర్చున్నప్పుడు పై తూటా అంచు క్రింది తూటా అంచుకు ముందు ఉండవలె. వెనుక ఉన్నదా, బోల్టు పై తూటాను నెట్టగానే దాని అంచు క్రిందిదాని అంచుకు తగులుకొని రెండూ కదలవు. తలుపు గడియ పడినట్లే. అందుకే 1962 చైనా యుద్ధం తరువాత ఈషాపూరులో అంచు లేని 7.62 తూటాకు తగినట్లు ఇదే రైఫిలును మార్చి చేసినప్పుడు ఈ బాధ తొలగినది. కాని పోలీసు శాఖలలో పాత త్రీ నాట్ త్రీ యే మరి కొన్ని దశాబ్దాలు కొనసాగినది.

1989 ఏప్రిల్ మాసం. రంజాన్ నెల. మా తండ్రిగారి దళానికి వార్షిక కాల్పుల పరీక్ష వచ్చినది. అప్పుడు నాకు రెండేండ్లు. కాబట్టి ఇదంతా మా అమ్మీ చెప్పగా విన్నదే. తండ్రిగారు ఈ విషయం తమంతట తాము నాకు చెప్పినది చాల యేండ్ల తరువాత, అదీ ఒకే ఒక పర్యాయం. ఆయన రోజా ఉండి బట్టు వద్దకు పోయినారు. త్వరిత కాల్పుల వంతు వచ్చినది. మొదటి క్లిప్పు గాడిలో పెట్టి ఒత్తగా మూడు తూటాలు దిగి నాల్గవది నిలిచిపోయినది. మళ్ళీ ఒత్తినారు. కదలలేదు. ప్రక్కవారందరూ కాల్చుచున్నారు. ఆయన అరచేతితో మోదినారు. క్లిప్పు వంగి, నాల్గవ తూటా ముక్కు పెట్టె అంచుకు అడ్డంగా పడి ఇరుక్కొన్నది. సమయం ముగిసినది. ఆయన గురిబల్ల మీద ఒక్క రంధ్రం కూడ లేదు.

పర్యవేక్షణకు వచ్చిన అధికారి దగ్గరకు వచ్చి, ఆ రైఫిలు వైపు కూడ చూడకుండ ఆయన మొగం వైపు చూచి, “రోజా ఉన్నావా? అందుకే చేతిలో సత్తువ లేదు. తిండి తినని వాళ్ళకు తుపాకి ఎందుకు?” అన్నాడట. వరుసలో నవ్వు. తరువాత రైఫిలును తలపైకి ఎత్తి పట్టుకొని మైదానం చుట్టూ పరుగు. ఆ ఎండలో, నోట చుక్క నీరు లేకుండ. ఆ సాయంత్రం ఇఫ్తారుకు ఇంటికి వచ్చి ఖర్జూరపు పండు ఒక్కటి నోట వేసుకొని మంచినీళ్ళు త్రాగి మరేమీ ముట్టలేదని అమ్మీ చెప్పేది. “దేవుని కోసం ఉన్న ఉపవాసాన్ని ఇనుముకు తప్పు చేసి చూపినారు” అని మాత్రం అన్నారట. శిక్షను ఆయన లెక్కచేసినట్లు కనబడలేదు. వరుసలో నవ్విన వారిలో తన మిత్రులు ఉన్నారనీ పట్టించుకోలేదు. రోజాను అనడమే ఆయనకు మింగుడుపడలేదు.

ఆయన చేసిన పని ఏమిటంటే, మరునాటి నుండి డ్యూటీ లేని మధ్యాహ్నాలలో కోత్ దగ్గరకు పోయి కూర్చోవడం. అక్కడి ఆర్మర్ గారు పెద్దవారు, ముక్కోపి. కాని పని విషయంలో ధర్మాత్ముడు. “నా తప్పు అయితే నా తప్పే. రైఫిలు తప్పు అయితే నాకు తెలియవలె” అని తండ్రిగారు అడిగినారట. ఆర్మర్ గారు కవాతుకు వాడే ఉత్తుత్తి తూటాలు పది, మంచి క్లిప్పులు రెండు చేతికి ఇచ్చి, “ఒకసారికి ఒకటే మార్చు. రెండు మార్చినావంటే నీకు ఏమీ తెలియదు” అని తమ పనిలో పడిపోయినారు.

నాకు ఎం.ఏ.లో పరిశోధనా పద్ధతుల గురించి చెప్పిన ఆచార్యులెవరూ ఇంత క్లుప్తంగా చెప్పలేదు. తండ్రిగారు మొదట తన క్లిప్పునే మరొక రైఫిలులో ఒత్తి చూచినారు, సాఫీగా దిగినది. అంటే క్లిప్పు తప్పు కాదు. తరువాత మంచి క్లిప్పు తన రైఫిలులో ఒత్తినారు. మూడు దిగి నిలిచినది. అంటే తప్పు గాడిలోనైనా ఉండవలె, పెట్టెలోనైనా ఉండవలె. గాడి అంచులను గోటితో తడిమి చూచినారు, ఎక్కడా గరుకు లేదు. అప్పుడు ఇంకొక రైఫిలు మ్యాగజైను తెచ్చి తనదానిలో పెట్టినారు. ఐదు, మరి ఐదు, పది తూటాలూ దిగినవి. తన మ్యాగజైను ఆ రైఫిలులో పెట్టినారు. అందులోనూ మూడు దిగి నిలిచినది. దోషి ఎవరో తేలిపోయినది.

ఇది తేలడానికి ఒక మధ్యాహ్నం పట్టితే, ఆ పెట్టెలో దోషమేమిటో తెలియడానికి మూడు మధ్యాహ్నాలు పట్టినదట. పెట్టెలో తూటాలను పైకి నెట్టే పలక ఒకటి ఉండును; దానిని ప్లాట్‌ఫారం అంటారు. దాని క్రింద మడతలు మడతలుగా ఒక స్ప్రింగు. ఆ పలకను బొటనవేలితో నొక్కితే సమంగా దిగవలె, వదిలితే సమంగా పైకి రావలె. ఆయన పలక సగం దిగి ఒక ప్రక్కకు ఒరిగి ఆగుచున్నది. వెనుకభాగం నొక్కి, ముందుభాగం పైకెత్తి పలకను బయటకు తీసి చూడగా, అడుగున ఏనాటిదో గ్రీజు దుమ్ముతో కలిసి లక్కవలె గడ్డకట్టి ఉన్నది. కిరసనాయిలుతో కడిగినారు. కొంత మేలు, నాలుగు దిగినవి, ఐదవది నిలిచినది. అప్పుడు ఆర్మర్ గారు అద్దాలు పెట్టుకొని చూచి, పెట్టె పైఅంచులలో ఎడమవైపుది వెంట్రుకవాసి లోపలకు వంగి ఉన్నదని కనిపెట్టినారు. ఎవరో ఎప్పుడో క్రింద పడవేసి ఉంటారు. అంచు వంగితే పైనుండి వచ్చే తూటాకు దారి ఇరుకగును. దానిని పట్టుకారుతో ఇష్టం వచ్చినట్లు వంచరాదు. అతిగా తెరచినా తూటాలు నిలువవు. ఆ పని ఆర్మర్ గారే చేసినారు, ఉత్తుత్తి తూటా పెట్టి చూచుకొంటూ, కొంచెం కొంచెంగా.

అన్నింటికంటె ముఖ్యమైన సంగతి చివర బయటపడినది. వారి కోత్‌లో రైఫిలుకూ మ్యాగజైనుకూ ఒకే అంకె కొట్టి ఉంచేవారు. ఒకదాని పెట్టె ఒకదానికి సరిగా అమరేటట్లు చూచి జతపరచినవి గనుక వాటిని విడదీయరాదని నియమం. తండ్రిగారి మ్యాగజైను మీద ఉన్న అంకె వేరు. ఎప్పుడో ఇరవై ముప్పయి రైఫిళ్ళు ఒకేచోట విప్పి శుభ్రపరచినప్పుడు ఎవరిదో పెట్టె ఈయన రైఫిలుకు వచ్చి చేరినది. ఆర్మర్ గారు రైఫిలు చరిత్ర వ్రాసే చిట్టాలో ‘మ్యాగజైను లోపము, సరిచేయబడినది’ అని ఒక్క పంక్తి వ్రాసి సంతకం చేసినారు. అప్పటికి ఆ అధికారి బదిలీ అయి పోయినాడు. ఆ పంక్తిని ఆయనకు చూపినవారు ఎవరూ లేరు. దళంలో నవ్విన వారికి కూడ ఎవరూ చెప్పలేదు. తండ్రిగారు తామై పోయి చెప్పే మనిషి కాదు. కాని నాటి నుండి మొరాయించే రైఫిలు ఏది వచ్చినా ఆర్మర్ గారు ఆయనను పిలిపించేవారట.

ఇంతవరకు ఇది మా తండ్రిగారి కథ. ఇక్కడి నుండి నాది. కొంచెం సిగ్గుతో వ్రాయవలసినది.

నేను ఈ కళాశాలలో చేరిన కొన్నాళ్ళకు ఎన్.సి.సి. బాధ్యత నాకు అప్పగింపబడినది. నాగపూరు దగ్గర కాంప్టీలోని శిక్షణాలయానికి పోయి, తర్ఫీదు పొంది, భుజాన రెండు నక్షత్రాలు ధరించి వచ్చినాను. తెలుగు పండితుడు లెఫ్టినెంటు కావడం చూచి మా అమ్మీ దిష్టి తీసింది. తండ్రిగారు నక్షత్రాలను వ్రేలితో తాకి చూచి, “గట్టిగా కుట్టించుకో బేటా, కవాతులో ఊడిపోతవి” అన్నారు.

2019 అక్టోబరులో ఒక వార్షిక శిబిరం. కాల్పులన్నీ పాయింట్ టూ టూ రైఫిలుతోనే. కాని యూనిట్టులో కవాతు కొరకు ఉంచిన పాత త్రీ నాట్ త్రీలు కొన్ని ఉండినవి, అవి పేలవు. ఉత్తుత్తి తూటాలతో నింపడం, ఖాళీ చేయడం పిల్లలకు చూపితే బాగుంటుందని శిక్షకులైన హవల్దారు గారు అన్నారు. నేను ఎగిరి గంతువేసినంత పని చేసినాను. నా ఇంటి విద్య గదా! ముందురోజు రాత్రి హవల్దారు గారు క్లిప్పులు నింపుచుండగా, “నాలుగు నేను నింపుతాను” అని కూర్చున్నాను. తండ్రిగారి మాట గుర్తున్నది: పై తూటా అంచు క్రింది తూటా అంచుకు ముందు ఉండవలె. అదే నియమంతో నా నాలుగు క్లిప్పులలోనూ ఐదేసి తూటాలను మెట్లమాదిరిగా, ఒకదాని ముందొకటి, ముచ్చటగా పేర్చినాను. హవల్దారు గారు చూడలేదు. ఎవరో పిలిస్తే లేచిపోయినారు.

మరునాడు ఉదయం పిల్లలు వరుసగా వచ్చి నింపుచున్నారు. ఒక కుర్రవాని వంతు వచ్చినది. గొర్రెలు కాచుకొనే ఇంటి నుండి వచ్చి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుచున్నవాడు. సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే నేలచూపు. క్లిప్పు పెట్టి ఒత్తినాడు. బరువుగా దిగినది. బోల్టు నెట్టినాడు. సగం పోయి ఆగినది. వెనుకకు లాగి మళ్ళీ నెట్టినాడు. కదలదు. నా వైపు చూచినాడు. వెనుక నలభై మంది నిలబడి ఉన్నారు, ఎండ ఎక్కుచున్నది. నేను అన్నాను: “ఏమిరా, పొద్దున టిఫిన్ తినలేదా? వేళ్ళలో సత్తువ లేదా?”

అందరూ నవ్వినారు. “తిన్నాను సార్” అన్నాడు వాడు. అని, నిజంగా బలం చూపడానికి బోల్టు పిడిని అరచేతితో కొట్టినాడు. చేయి జారి బొటనవేలి ప్రక్కన చర్మం లేచి రక్తం వచ్చినది. నేను రైఫిలు తీసుకొని ప్రక్కన పెట్టించి, గాయానికి కట్టు కట్టించి, తరువాతి వానిని పిలిచినాను. వానికి కూడ నా క్లిప్పే వచ్చినది. చక్కగా నిండినది, బోల్టు వెన్నలో కత్తివలె పోయినది. చూచినావా, లోపం వేళ్ళలోనే ఉన్నదని మనసులో అనుకొన్నాను కూడ. ఇదంతా దాచకుండ వ్రాయవలె గనుక వ్రాస్తున్నాను.

రాత్రి డేరాలో పడుకొన్నప్పుడు నేనన్న మాట నా చెవిలో మళ్ళీ వినబడినది. నా గొంతులో కాదు. నేను ఎన్నడూ చూడని ఒక మనిషి గొంతులో. లేచి కూర్చొని ఇంటికి ఫోను చేసినాను. పది గంటలు దాటినది. తండ్రిగారు మేలుకొనే ఉన్నారు. మాట సంగతి చెప్పలేదు. రైఫిలు సంగతి మాత్రమే చెప్పినాను. బోల్టు సగంలో ఆగినది, రెండవ వానికి బాగా పోయినది, ఎందుచేత అబ్బా అని అడిగినాను.

ఆయన ఒక్క ప్రశ్న వేసినారు. “క్లిప్పు ఎవరు నింపినారు?”

“నేనే.”

“ఎట్లా నింపినావు?”

చెప్పినాను. అవతల కొంచెంసేపు మాట లేదు. తరువాత నెమ్మదిగా చెప్పినారు. “చేత్తో ఒక్కొక్కటి పెట్టేటప్పుడు మెట్లు. క్లిప్పులో మెట్లు కాదు బేటా. మూడు క్రిందికి, రెండు పైకి. ఒకటి విడిచి ఒకటి. అట్లా ఉంటే క్లిప్పును ఎటు త్రిప్పి పెట్టినా ఒకటే. నీవు మెట్లు కట్టినావు. ఒక వైపు పెడితే మెట్లు ఎక్కుతవి, తలక్రిందులు పెడితే అన్ని అంచులూ వెనుకకు పోతవి. రెండవ పిల్లవాడు అదృష్టవంతుడు, సరైన వైపు పెట్టినాడు. మొదటి వాడు తలక్రిందులు పెట్టినాడు. ఆ పిల్లవానికి ఎట్లా తెలుస్తుంది, క్లిప్పుకు తల ఎక్కడ, కాలెక్కడ?”

టార్చి తీసుకొని ఆయుధాల డేరాకు పోయినాను. కాపలా హవల్దారు గారికి విషయం చెప్పి మిగిలిన క్లిప్పులు తీయించి చూచినాను. ఆయన నింపినవన్నీ మూడు క్రిందికి, రెండు పైకి. నావి మెట్లు. ఒకటి ఒక రైఫిలులో తిన్నగా పెట్టినాను, పోయినది. తలక్రిందులు పెట్టినాను, బోల్టు సగంలో ఆగినది. సగం తెలిసిన విద్య అసలు తెలియని దానికంటె ఎంత ధైర్యమిస్తుందో ఆ రాత్రి నాకు అర్థమైనది. పేలని తుపాకి గనుక సరిపోయినది. పేలవలసిన వేళ ఇట్లా ఆగితే ఏమగునో ఆ ఉద్యోగంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. 2008 నవంబరు 26వ తేదీన బొంబాయి రైల్వే స్టేషనులో తుపాకులతో చొరబడిన వారికి ఎదురు నిలిచిన పోలీసుల చేతులలో ఉన్నవి కూడ ఈ త్రీ నాట్ త్రీలే.

మరునాడు ఉదయం టిఫిన్ల వరుసలో ఆ కుర్రవానిని ప్రక్కకు పిలిచి, “నిన్న తప్పు నీది కాదు, క్లిప్పు నేను తప్పుగా నింపినాను” అని చెప్పినాను. వాడు కంగారుపడి, “పరవాలేదు సార్, పరవాలేదు సార్” అన్నాడు. నాకు కొంచెం తేలికైనది. మధ్యాహ్నం తండ్రిగారు తామే ఫోను చేసినారు. ఆయన ఎన్నడూ అట్లా చేయరు. క్లిప్పు సంగతి తేలినదా అన్నారు. తేలినది, ఆ పిల్లవానికి కూడ చెప్పినాను అన్నాను. “పిల్లవాడు రైఫిలు తెరవలేకపోయినప్పుడు నీవు ఏమైనా అన్నావా?” అన్నారు. అబద్ధం చెప్పలేకపోయినాను. నేనన్న మాట అన్నట్లే చెప్పినాను. చాలసేపు ఊరుకొని, “అందరి ముందర అన్నావు. అందరి ముందర చెప్పినావా?” అని మాత్రం అడిగినారు.

సాయంత్రపు హాజరు వేళ చెప్పినాను. నలభై మంది ముందర ఒక క్లిప్పు చేత పట్టుకొని, ఇది నేను నింపినది, ఇందులో తప్పు ఇది, నిన్న ఇతనిని నేనన్న మాట తప్పు అని చెప్పడానికి పట్టినది రెండు నిమిషాలు. తరగతి గదిలో గంటల తరబడి మాట్లాడే నాకు ఆ రెండు నిమిషాలకు నాలుక తడి ఆరినది. ఎవరూ నవ్వలేదు. ఆ కుర్రవాడు మాత్రం కట్టు కట్టిన చేతిని వెనుక దాచుకొని నేల చూచుచున్నాడు. మిగిలిన రోజులలో క్లిప్పులు నింపే పనిని హవల్దారు గారు వానికే అప్పగించినారు. రాత్రి దీపం క్రింద కూర్చొని, ‘మూడు క్రింద, రెండు పైన’ అని గొణుగుకొంటూ నింపుచుండేవాడు. నేను ప్రక్కన కూర్చొని ఒక్కటి కూడ ముట్టుకొనలేదు.

2020 జనవరి 26వ తేదీన ఉత్తర ప్రదేశ్ పోలీసులు గణతంత్ర దినోత్సవ కవాతులో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పినారు. ఆ వార్తను తండ్రిగారు టీవీలో చూచినారు. నేను ఏదైనా అంటారేమోనని చూచినాను. ఏమీ అనలేదు, కవాతు చేసేవారి రైఫిళ్ళ మీద పాలిషు బాగున్నదన్నారు.

ఈ వ్యాసం వ్రాయడానికి పూనుకొన్నప్పుడు ఆయన అనుమతి అడగడం ధర్మమనిపించినది. మ్యాగజైను గురించి మ్యాగజైనులో వ్రాస్తున్నాను అబ్బా అన్నాను. మఖ్జన్, ఖజానా అని నా పాండిత్యమంతా విప్పినాను. వింటూ ఉన్నారు. ఆఖరున, “అధికారి పేరు వ్రాయవద్దు. ఆయనకూ పిల్లలుంటారు” అన్నారు. పేరు నాకు తెలియనే తెలియదన్నాను. అప్పుడు కండ్లు మూసుకొని, 1989 నాటి ఆ రైఫిలు అంకెను తడుముకోకుండ చెప్పినారు. ఆ వెంటనే, దానికి తగిలించి ఉండిన మ్యాగజైను మీది అంకె కూడ చెప్పి, “రెండూ వేరు, చూచినావా?” అన్నారు.